వేడి చెయ్యని హీటరు

మా దిక్కు సజ్జలంటే చేను.
షార్జాల సజ్జా అంటే
చచ్చిన బండ్ల అంగడి.

సెలవు దినం. ఎండ నెత్తిల సలాక లెక్క దిగుతుంటే
గుల్ జమాన్ యార్డుల
డోర్లు లేని పాత కాప్రిస్ కార్ల తల దూర్చి
డ్యాష్‌బోర్డు వెనక తడిమిన.
దొరికింది.
రాగి రెక్కలు, ఇత్తడి అంచులు, రెండు వంకర ముక్కులు,
బడిపిల్లల పలకంత పెట్టె.
అల్యూమినియం కాదు, గోటితోటి గీకి చూసిన.

ముప్పై ఏండ్ల బండి.
నీలం గీత నుంచి ఎర్ర గీత దిక్కు
ఆ మీటను ఎవడన్న ఒక్కసారి జరిపిండో లేదో.
ఎడారిల హీటరంటే
పిలవని పెండ్లికొచ్చి మూలకు కూసున్న చుట్టం.

పదిహేను దిర్హములన్నడు గుల్ జమాన్.
పదే తీసుకొని చాయ్ తాపిండు.
“దీనితోటి ఏం జేస్తవ్?”
“సల్లగ జేస్త.”
ఎండదెబ్బ తగిలిందేమో అన్నట్టు
నా మొఖం దిక్కు చూసిండు.

మా రూముల ఎనిమిది మంచాలు, ఒక కంప్యూటరు.
గంగనర్సు పగలు క్రేను కింద జెండా ఊపుతడు,
రాత్రి మెట్‌పల్లి ఫోటో స్టూడియోకు
పెండ్లి వీడియోలు కోసి అతుకుతడు.
జీలకర్ర బెల్లం దాక మంచిగనే వస్తది.
తలంబ్రాల కాడికి రాంగనే
తొంభై ఆరు డిగ్రీలు,
తెర నల్లగైతది.
లోపట పంఖా మొత్తుకునుడు వేరే.
కింది మంచం వెంకటరత్నం గారు, రాజోలు మనిషి,
తెల్లారి నాలుగింటి బస్సుకు లేవాల్సినాయన,
దుప్పట్లకెంచే అంటడు:
“ఏంటండీ ఆ హోరు, ధవళేశ్వరం గేట్లెత్తినట్టు!”

నేను రేడియేటర్లు అతికెటోన్ని, పదకొండేండ్లు.
నాకు తెలిసింది ఒక్కటే ముచ్చట:
వేడి చావదు. జరుగుతది.
ఇంజన్ల నుంచి నీళ్లకు, నీళ్ల నుంచి రేకుకు,
రేకు నుంచి గాలికి.
జరిపెటోడు ఒకడు కావాలె, గంతే.

సిర్కా పోసి రాత్రంత నానబెట్టిన.
పొద్దుగాల పచ్చటి బురద కక్కింది.
వాడకున్నా చిలుం పడతది.
ముక్కులు కోసి, ఆకురాయి పెట్టి,
అర అంగుళం ఇత్తడి గొట్టాలు టంకం పెట్టిన.
బకెట్ల ముంచి సైకిల్ పంపుతోటి ఊదితే
ఎడమ మూలకు ఒక్క బుడగ.
ఆగి, ఆగి,
ఇంకొక్కటి.
మళ్ల ఆరబెట్టుడు, మళ్ల టంకం.
మూడోసారి బకెట్ నీళ్లల్ల
నా మొఖం కదలకుండ కనబడ్డది.

పంఖా కూసునెటందుకు నెయ్యి డబ్బా రేకు,
రోలా బజారుల కొన్న చేపల తొట్టి మోటరు,
రెండు సీసల బ్యాటరీ నీళ్లు,
సేటుకు చెప్పకుండ షాపు లేతు మీద
చెక్కిన రాగి బిళ్ళ.
కంప్యూటర్ బంద్ పెట్టి
ఒక రాత్రి ఉత్త మోటరు తిప్పినం,
కింద అరబ్బీ పేపరు పరిచి.
మేం చదవరాని అక్షరాలు
తెల్లారేదాక పొడిగనే ఉన్నయి.

జీలకర్ర బెల్లం. యాభై నాలుగు.
మంగళసూత్రం. యాభై తొమ్మిది.
తలంబ్రాలు.
అరవై ఒకటి కాడ అంకె నిలబడ్డది.
ఎవరి పెండ్లో మాకెవ్వరికి తెల్వదు,
కోరుట్ల పిల్ల, మల్లాపూర్ పిలగాడట.
వాని జుట్టుల ఇరికిన బియ్యం గింజను
ఎనిమిది మందిమి చూసినం.

వేడి ఎటూ పోలే.
రూములకే వచ్చింది,
ఏసీ దాన్ని గోడ అవతలికి నూకింది.
అవతల పండుకున్న ఎడారికి
ఒక పెండ్లి వేడి ఎంత?

వెంకటరత్నం గారు లేచి కూసున్నడు.
చప్పుడు లేక నిద్రపట్టలేదట.
గొట్టం కాడ చెవి పెట్టి
“బోదెలో నీరు పారినట్టుందండీ” అన్నడు.
కొంచెంసేపు ఊకున్నడు.
“ఇంతకీ వీళ్ళు భోజనాలెప్పుడు పెడతారు?”

గంగనర్సు మౌస్ జరిపిండు.
విస్తర్లు పరుస్తున్నరు.